మిల్ట్రీ మామకు యుద్ధం చెప్పబోయిన

ఆ రోజుల్ల నాకు కోపం ఎక్కువ, తెలివి తక్కువ. (తక్కువని తెల్వకపోవుడుతోటి కోపం ఇంక పెరిగేది.) మరీ పాత ముచ్చటేం కాదు, ఐదారేండ్ల కిందటిదే. జనగామల ఒక ప్రైవేటు బడిల సోషల్ సారుగ కొత్తగ చేరిన. మా లెక్కల సారు స్టాఫ్ రూంల రోజూ ఫోన్ల సరిహద్దు వార్తలు చూసుకుంట "ఒక్కసారి గట్టిగ కొడితే పీడ పోతది!" అని కుర్చీల కూసొనే యుద్ధం చేస్తుండె. ఎండకు భయపడి పిల్లలను గ్రౌండుకు కూడ తీస్కపోడు! నాకు ఒళ్లు మండేది. అప్పుడే ఒక పుస్తకం దొరికింది. యుద్ధం చేసొచ్చిన సిపాయిలు తమ నోటితోటి చెప్పుకున్న సంగతులు. కథలు కావు, జరిగినయి. బాంబు పడ్డంక చెవులు ఎట్ల మూసుకపోతయి, చచ్చిపోయిన దోస్తు సామాను మూటగట్టి ఇంటికి ఎట్ల పంపుతరు, అన్నీ ఉన్నయి. రెండు రోజుల్ల చదివి, కనిపించినోళ్లందరి ఎంటపడ్డ. లెక్కల సారు నాలుగు పేజీలు తిప్పి "బొమ్మల్లేవా?" అన్నడు. వారం రోజులు ఆయనతోటి మాట్లాడలే.

ఆ కోపంల మా మిల్ట్రీ మామ యాదికొచ్చిండు. అమ్మకు అన్న, ఉండేది చిల్పూర్ల. సరిహద్దు మీద కాల్పులల్ల ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకొని వచ్చినోడు. ఈ పుస్తకం విలువ తెలిసేది ఈయనకే అని ఆదివారం బండేసుకొని పోయిన. మామ వాకిట్ల ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తుండు. పుస్తకం చేతిల పెట్టి, "మామా, నువ్వు తప్పక చదవాలె. యుద్ధమంటే అసలు ఏందో గిండ్ల ఉన్నది" అన్న.

మామ పుస్తకం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"ఏందిరా? యుద్ధమంటే ఏందో నాకే చెప్తవా? లే! లే ఈడికెల్లి!"

పుస్తకం పోయి మిరపకాయల్ల పడ్డది. "జర తినిపో బిడ్డా" అని అత్త బతిలాడినా ఆగలే. కోపంల బండెక్కిన గని అది స్టార్టయితేనా! వాకిట్లనే పది కిక్కులు కొట్టిన. (అలిగి పోయేటోనికి అంతకన్న అవమానం లేదు.) జనగామ దాంక మామను తిట్టుకుంటనే పోయిన.

పది రోజులకు అత్త ఫోన్ చేసింది.

"నీ పుస్తకం పాడుగాను! రోజూ కూసోబెట్టి నాతోటి చదివిస్తుండు."

"మంచిదే గదత్తా."

"ఏం మంచిది? ఆ వేళ్లు పోయిన్నాడు ఏమైందని ముప్పై ఏండ్లసంది అడుగుతున్న. ఒక్క ముక్క చెప్పలే. నిన్న చదువుతాంటే పేజీ మీద చెయ్యి పెట్టి, 'ఆనాడు మా పొట్టోడు గిట్లనే పోయిండు' అన్నడు. పొట్టోడంటె ఆయన దోస్తంట. ఆని తల్లికి ఉత్తరం ఈయనే రాసిండంట. గది చెప్పుకుంట ఏడ్చిండు. ఇన్నేండ్లు ఒక్కనివే మోసినవా, నేను సచ్చిన్నా అని నేను తిట్టిన." ముక్కు చీదుకొని, "ఆదివారం రా. మీ మామ రమ్మన్నడు" అన్నది.

పోయిన. పుస్తకం నిండ మామ పెన్సిల్ గీతలే. "చలి గురించి గిట్లనా రాసేది? చలిల తుపాకి ఇనుము ముట్టుకుంటె తోలు ఊడొస్తదిరా!" అని రాసినోని మీద గంటసేపు మండిపడ్డడు. చెప్దామని పోయినోన్ని ఇని వచ్చిన. ఇరవై నాలుగేండ్ల ఆ సోషల్ సారు ఇప్పుడు యాదికొస్తే నవ్వొస్తది, జర సిగ్గు కూడ ఐతది. పుస్తకం మాత్రం మామ మళ్ల ఇయ్యలే. నేనూ అడగలే.