రఘు కారు

మేం టెక్సస్‌లోని కాపెల్‌లో ఉన్నప్పటి మాట. పక్కింటి రఘుకి క్యాన్సర్ అని తేలింది. అయినవాళ్ల మధ్య వైద్యం చేయించుకుందామని భార్య సునీతతో హైదరాబాద్ వెళ్తూ, కారు తాళాలు నా చేతికిచ్చాడు.

"అక్కా, ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ నిలవదు. వారానికోసారి హైవే మీద కాస్త దూరం తిప్పండి. కదలకుండా ఉంటే టైర్లు కూడా పాడవుతాయి," అన్నాడు.

ప్రతి ఆదివారం నేనే డ్రైవ్ చేసేదాన్ని. ఫోన్ చేసినప్పుడల్లా తన ఒంటి సంగతి ఎత్తకుండా, "టైర్లలో గాలి చూశారా? ఆయిల్ మార్పించారా?" అని అడిగేవాడు. రానురాను గొంతు పీలగా అయిపోయింది. చివరికి ఒకరోజు సునీత ఫోన్ చేసి, "రఘు వెళ్లిపోయాడక్కా," అంది.

ఆ తర్వాత కూడా ఆదివారాలు కారు తీస్తూనే ఉన్నాను. ఎందుకో మానబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు సునీత దాన్ని అమ్మేయమంది. కొనేవాళ్లు వస్తారనగా, ఆ పొద్దున మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్కసారి స్టార్ట్ చేస్తారా? సాయంత్రాలు రఘు వచ్చినప్పుడు ఆ చప్పుడు విని నేను తలుపు తీసేదాన్ని."

గరాజ్ తెరిచి, కారు స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి ఫోన్ ఇంజన్ దగ్గరగా పట్టుకున్నాను. అవతల వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఆపేయనా తల్లీ?" అన్నాను.

"వద్దక్కా, ఇంకాసేపు ఉంచండి."

ఇది జరిగి ఏళ్లయింది. కష్టంలో ఉన్నవాళ్లకి నాలుగు మంచిమాటలు చెప్పడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఇంజన్ ఆపకుండా, ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.