ఒంటి స్పీకరు

మా బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఆరేళ్ళపాటు ఒంటి స్పీకరు ఒకటి ఉండేది. నడుమెత్తు చెక్కపెట్టె, వయసులో నాకంటే కాస్త చిన్నది. నా భార్య దానిమీద సాక్సులు ఆరేసేది. "జత లేనివన్నీ ఒకచోట ఉంటాయి లెండి" అని ఎకసెక్కం ఒకటి. ఒళ్ళు మండేది కానీ ఏమంటాను? దాని జత ఎక్కడుందో నాకు తెలుసు. మా ఊళ్ళోనే, ఈ కనాటాలోనే, కారులో పదినిమిషాల దూరంలో, మా బావ ఇంట్లో ఉంది.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆయనది కడప, మాది తెనాలి. ఒకే టెలికాం ఆఫీసులో పక్కపక్క సీట్లు. ఓ రోజు లంచ్‌లో పాత టర్న్‌టేబుళ్ళ మాటొచ్చి, సాయంత్రానికల్లా వరస కలిసిపోయింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు, శనివారం వస్తే చాలు, థర్మాస్ నిండా కాఫీ పోసుకుని చుట్టుపక్కల పల్లెల్లో ఎస్టేట్ వేలాలకి పోయేవాళ్ళం. చనిపోయినవాళ్ళ ఇంట్లో చెంచాల దగ్గర్నుంచి ట్రాక్టరు దాకా ఒక్కపూటలో వేలం వేసేస్తారు. మంచి ఆడియో సామాను దొరికేది అక్కడే. దాన్ని ప్రాణంగా చూసుకున్న మనిషి పోయాక ఇంట్లో ఇంకెవరికీ అది అక్కర్లేదు మరి.

వేలంలో నాకు గురువు బావే. ముందు సామాను చూసుకోనిచ్చే గంటలో, మనకి కావలసినదాని దగ్గర అస్సలు నిలబడకూడదు. పింగాణీ ప్లేట్లు తిరగేస్తూ ఓరకంట చూడాలి. చీటీ మీద 'పరీక్షించలేదు' అని రాశారంటే, పరీక్షించారు, మోగలేదు అని అర్థం. ఎంతవరకు పాడాలో ఇంట్లోనే, కడుపునిండా తిన్నాక తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వేలంవాడు మొదటిసారి అడగ్గానే చెయ్యెత్తకూడదు. ఎవరూ కదలకపోతే వాడే కాస్త దిగొచ్చి రెండోసారి అడుగుతాడు. అప్పుడెత్తాలి. "ఆత్రగాడికి బుద్ధి మట్టు బావా. కావాలని మొహంలో కనపడిందా, అయిపోయావ్" అనేవాడు. నేను పుట్టు ఆత్రగాణ్ణి. అందుకే నా వెనకాల నిలబడి జాకెట్ అంచు పట్టుకునేవాడు. నేను తొందరపడితే ఒక్క లాగు లాగేవాడు.

మా ఇద్దరికీ ఇంకో కట్టుబాటు ఉండేది. ఒక వారం ఆయన వంతు, ఒక వారం నాది. ఒకరి వంతులో రెండోవాడు చెయ్యెత్తకూడదు.

ఆ రోజు వంతు ఆయనది. అదో పాత ఫామ్‌హౌస్. ఈ స్పీకర్లు ఒకటి హాల్లో, ఒకటి మేడమీద దొరికాయట, వేలంవాళ్ళకి జత అని తెలియలేదు. రెండు వేరువేరు నంబర్లిచ్చారు. మొదటిది బావ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి కొట్టేశాడు. రెండోది వచ్చింది. వేలంవాడు అడిగాడు. బావ ఆకాశం వంక చూస్తున్నాడు. మూలనున్న వ్యాపారి ఎవరో చెయ్యి పైకి లేపుతున్నట్టు నాకనిపించింది. అంతే, నా చెయ్యి లేచిపోయింది. ఇంకెవరూ పాడలేదు. నాకు కొట్టేశారు.

"నా వంతులో చెయ్యెందుకెత్తావ్?" అన్నాడు బావ.

"ఎత్తకపోతే పోయేది."

"పోయేది కాదు. సరే, అంత ఇదిగా ఉంటే ఉంచుకో."

"ఉంచుకుంటా" అన్నాను.

జత కలపడానికే ఎత్తానని అప్పటినుంచి నాకు నేను చెప్పుకుంటున్నాను. అబద్ధం. నాకూ కావాలి, అంతే. ఒకే వ్యాన్‌లో వెళ్ళాం కాబట్టి ఒకే వ్యాన్‌లో తిరిగొచ్చాం. ఆయన స్పీకరు ఆయన గరాజ్‌లో దించడానికి ఓ చెయ్యి వేశాను. థాంక్స్ అన్నాడు. ఇరవయ్యేళ్ళలో బావ నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు.

తర్వాత ఆరేళ్ళు. తెలుగు సంఘం భోజనాల్లో కనపడితే బిర్యానీ ట్రేల మీదుగా తల ఊపుకునేవాళ్ళం. నేను వేలాలకి పోవడం మానేశాను. ఒక్కణ్ణే పోతే జాకెట్ వెనక తేలిగ్గా ఉండేది, చలేసేది. ఎప్పుడైనా ఒంటి స్పీకరుకి వైర్లు తగిలించి కచేరీ రికార్డు పెట్టుకునేవాణ్ణి. వయొలిన్ బాగానే వినపడేది. మృదంగం మాత్రం ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుండేది. నిజం చెప్పాలంటే నాకు మృదంగం మీద బెంగ లేదు. కొత్త సామాను తెచ్చిన సాయంత్రం దుమ్ము తుడిచి, మొదటి రికార్డు పెట్టి, ఇద్దరం ఉలకక పలకక కూర్చునేవాళ్ళం చూడండి, దానిమీద బెంగ. చాలా బెంగ. పోయి తలుపు కొడితే అయిపోయేది. కొట్టలేదు. ముందు ఆయన రావాలి.

పోయిన శీతాకాలం ఓ మధ్యాహ్నం డ్రైవ్‌వేలో మంచు తోస్తున్నాను. జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే 'బావ' అని ఉంది. గ్లవ్ ఊడదీశాను. వేలు స్క్రీన్ మీదికి పోయింది కూడా. ఆగాను. ఆరేళ్ళు ఆగినవాణ్ణి మొదటి మోతకే ఎగబడితే ఏం బాగుంటుంది? రెండోసారి చేస్తాడుగా, అప్పుడెత్తుదాం అనుకున్నాను. అది మోగి మోగి ఆగిపోయింది. నవ్వుకుంటూ మిగతా మంచు తోసేశాను. ఆ సాయంత్రమంతా ఫోను పక్కనే పెట్టుకు తిరిగాను, బాత్రూమ్‌కి కూడా.

రెండోసారి మోగలేదు. తొమ్మిదో రోజు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది, బావ పోయాడని. ఒంట్లో బాగాలేదని కూడా నాకు తెలియదు. ఫ్యూనరల్ హోమ్‌లో చివరి వరసలో నిలబడి వచ్చేశాను.

ఎండలొచ్చాక ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు. బావ భార్య కాల్గరీలో కూతురి దగ్గరికి పోతోందట. సామాను ఆన్‌లైన్‌లో వేలం. ఫోటోలు చూశాను. 'పాత స్పీకరు, ఒక్కటే' అని రాశారు. ఫోటో పెద్దది చేస్తే వెనకాల గది కనపడింది. మధ్యలో బావ కుర్చీ. కుడిపక్క స్టాండ్ మీద స్పీకరు. ఎడమపక్క, సరిగ్గా అంతే దూరంలో, ఇంకో స్టాండ్. దానిమీద ఏమీ లేదు. ఫోను బల్లమీద పెట్టేసి ఏడ్చాను.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా గట్టుమీద పెట్టాను. వేలం తెరిచిన మొదటి గంటలోనే, రెండు కొత్త జతలొచ్చేంత మొత్తం నా హద్దుగా పెట్టేశాను. ఎంత కావాలో అందరికీ తెలియాలి, తెలియనీ అనుకున్నాను. వారం తర్వాత వేలం ముగిసింది. ధర ఐదు డాలర్ల దగ్గరే ఉంది. ఎదురు పాడేవాడు లేకపోతే మనమెంత పెట్టినా పైకి పోదు. ఒంటి స్పీకరు ఎవడిక్కావాలి?

తెచ్చుకోవడానికి వెళ్తే తలుపు ఆవిడే తీసింది.

"మీరా అన్నయ్యా కొన్నది! అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఒక్క మాట అడిగితే ఊరికే ఇచ్చేదాన్నిగా."

"నోరు రాలేదమ్మా."

"ఇద్దరూ ఇద్దరే. ఎవరికి వారే, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అంది. కోపం లేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "ఆ రోజు హాస్పిటల్ నుంచి ఫోను చేశారు. మీరు చూడలేదా?"

ఫోను సైలెంట్‌లో ఉందని చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"చూశానమ్మా" అన్నాను. "రెండోసారి చేస్తే ఎత్తుదామని ఆగాను."

ఆవిడ తల ఊపింది, ముందే తెలిసిన మాట విన్నట్టు.

"ఆయనా అదే అన్నారు. 'వాడు చూస్తూనే ఉంటాడు, ఎత్తడు. నేను నేర్పిందే. రెండోసారి చేస్తే ఎత్తుతాడు' అని నవ్వారు. నన్ను చెయ్యనివ్వలేదు. కాస్త ఓపిక రానీ, నేనే చేస్తా అని ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నారు అన్నయ్యా."