మా ఆవిడ చదివిన బురద

బెంగాలీలో బురదని ‘కాదా’ అంటారు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి కనుక ఆ మాట నాకు మొదటి నుంచీ తెలుసు. దాన్ని నలుగురిలో గర్వంగా చెప్పుకునే రోజు వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు మేమిద్దరం దీఘా సముద్రతీరం వైపు నుంచి బస్సులో ఇంటికి వస్తున్నాం. మా ఆవిడ ఒళ్ళో థర్మోకోల్ పెట్టె ఉంది. అందులో నిటారుగా నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి, మట్టి మీద కొంచెం ఉప్పునీరు ఉన్నాయి. కుదుపులకి పొరలు చెదిరిపోతాయని పెట్టెను కింద పెట్టనివ్వలేదు ఆవిడ.

కండక్టర్ వచ్చి, “కీ ఆఛే దీదీ? మాఛ్?” అన్నాడు. ఏముందక్కా, చేపలా అని.

“కాదా,” అంది మా ఆవిడ.

అతను నమ్మలేక నా వైపు చూశాడు. నిజంగా బురదే దాదా, ఈవిడ దాని మీదే పరిశోధన చేస్తోంది అని బెంగాలీలో చెప్పాను. అతను పెట్టెలోకి తొంగి చూసి, వెనక చక్రం మీదున్న మా సీటు మార్చి ముందు వైపు కూర్చోబెట్టాడు. అక్కడ కుదుపు తక్కువ.

మేముండేది ఖరగ్‌పూర్‌లోనే, నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చాడు. తర్వాత మా నాన్న, ఆ తర్వాత నేను, అందరం అక్కడే ఫిట్టర్లం. మా ఆవిడది శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రపు ఒడ్డున ఒక ఊరు. పెళ్ళికి ముందే కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఇక్కడికి వచ్చాక ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పేది. మా అమ్మాయి హైస్కూలుకి వచ్చిన ఏడాది ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ, మళ్ళీ చదువుకుంటానంది. యూనివర్సిటీలో పరిశోధనకి పరీక్ష రాసిందనీ, సీటు వచ్చిందనీ అప్పుడే చెప్పింది.

మా అమ్మ కంచం మీద నుంచి తలెత్తి, “ఏటి సదువుతావమ్మీ?” అని అడిగింది.

“సముద్రం అడుగు బురద గురించి అత్తా.”

“బురద సదవడానికి కూడా కాలేజీలున్నాయేటి?”

“ఉన్నాయి.”

“అయితే సదువు. ఆడికెల్లినప్పుడు సెప్పులు జాగర్త,” అంది అమ్మ. మా ఇంట్లో దాని మీద జరిగిన చర్చ అంతే.

ఆ చదువేమిటో నాకు అర్థమైంది మాత్రం మా వంటింట్లోనే. ఒకసారి పనికిరాని గొట్టాన్ని ఇంటికి తెచ్చి, గట్టు మీద నిలబెట్టి, అమ్మకి చూపించింది. నేను పక్కనే నిలబడి విన్నాను. పైన పల్చగా గోధుమ రంగు పొర, దాని కింద బూడిద రంగు, ఇంకా కిందికి పోతే కాటుక నలుపు.

“ఈ పైన పొర సూడత్తా, నా గోరంత మందమే. అంతవరకే ఆక్సిజన్ ఉంటాది. కిందన నేదు.”

“మరి కింద ఏదీ బతకదేటి?”

“బతుకుతాయి. మన కంటికి కనిపించనివి, లెక్కకు అందనన్ని. గాలి నేదని సచ్చిపోవు. వేరేదాంతో ఊపిరి తీసుకుంటాయి.”

ఆవిడ చెప్పింది నా మాటల్లో చెబుతాను. చచ్చిన నాచు, చేపల మలం, పొలాల నుంచి కొట్టుకొచ్చిన యూరియా ఇలాంటివన్నీ చివరికి తీరానికే చేరతాయి. వాటిలో నత్రజని ఉంటుంది. అడుగున పేరుకున్న చెత్తను బాక్టీరియా కుళ్ళబెట్టినప్పుడు అది అమోనియాగా బయటపడుతుంది. పై పొరలో ఆక్సిజన్ ఉన్నచోట ఇంకో రకం బాక్టీరియా ఆ అమోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ కాస్త కిందికి దిగగానే, ఆక్సిజన్ లేని పొరలో ఉన్న మరో రకం దానితోనే ఊపిరి తీసుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. అది నీళ్ళలోంచి పైకొచ్చి గాలిలో కలిసిపోతుంది. ఈ పని జరగకపోతే నత్రజని అంతా నీళ్ళలోనే ఉండిపోయి నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు కుళ్ళినప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చిపోతాయి.

అమ్మ గొట్టాన్ని వాసన చూసి ముక్కు మూసుకుంది. “కుళ్ళిన గుడ్డు కంపు కొడతంది. ఇంత మంచి పని సేసేదానికి ఈ కంపేటి?”

మా ఆవిడ నవ్వింది గానీ, రెండేళ్ళ తర్వాత ఆవిడ పరిశోధన అంతా ఆ కంపు దగ్గరే వచ్చి ఆగింది.

ఆవిడ మట్టి తీసే చోట్లలో ఒకటి చిన్న పాయ సముద్రంలో కలిసే చోటు. పైన రొయ్యల చెరువుల నీళ్ళు ఆ పాయలోకే వదులుతారు. నత్రజని అంత ఎక్కువగా వచ్చి పడుతున్నప్పుడు అక్కడి బాక్టీరియాకి చేతినిండా పని ఉండాలి, వాయువు కూడా ఎక్కువగా రావాలి. తీరా పరీక్ష చేస్తే చాలా తక్కువ వచ్చింది. పైగా మట్టిలో వేసిన నైట్రేట్‌లో చాలా భాగం మళ్ళీ అమోనియాగా మారి కనిపించింది. యార్డుకి వచ్చిన వ్యాగన్‌ని ఖాళీ చేయకుండా అదే సరుకుతో వెనక్కి తిప్పి పంపినట్టన్న మాట.

ఆవిడ గైడ్ ఒక బెంగాలీ మేడమ్. మంచి మనిషి, కానీ మాట ఖచ్చితం. ఇంత దూరం బస్సులో తెస్తే మట్టి పాడై ఉంటుంది, ఈ ఫలితాన్ని నమ్మలేను అన్నారట. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మా ఆవిడ ముఖంలో కోపమేమీ కనిపించలేదు.

“మేడమ్ అన్నది తప్పు కాదండీ. నేనే ఆ ప్లేసులో ఉంటే అదే అందును,” అంది.

“మరేటి సేస్తావు?” అని అడిగాను.

“మట్టిని బస్సెక్కించకుండా పరీక్ష ఆడే సేస్తాను. ఒడ్డు మీదే గది తీసుకుందాం. మీరు సెలవు పెట్టగలరా?”

పెట్టాను. చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో, పాయకి దగ్గర్లో, ఒక ముసలావిడ తన ఇంటి వెనక గది ఇచ్చింది. దాని కిటికీలకి నల్లగుడ్డ కట్టాం, సముద్రం అడుగున ఉండే చీకటి ఉండాలని. పెద్ద టబ్బుల్లో సముద్రపు నీళ్ళు నింపి గొట్టాలు అందులో నిలబెట్టాం. ఆటుపోట్లు చూసుకుని పడవలో వెళ్ళడం, గొట్టాన్ని నెమ్మదిగా అడుగులోకి దింపడం, పొర కదలకుండా పైకి లాగడం అన్నీ ఆవిడే చేసింది. నేను పడవ అంచున కూర్చుని రబ్బరు బిరడాలు అందించాను. ఒక గొట్టం సగంలో జారిపోతే ఆవిడ మళ్ళీ దింపింది. పడవ దిగి నడుము లోతు నీళ్ళలో, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఎండకి కళ్ళు చికిలించుకుని నిలబడ్డ ఆ మనిషి రోజూ నాకు టీ ఇచ్చే మనిషేనా అని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

గదిలో అసలు పని మొదలైంది. మామూలు నత్రజని కంటే కొంచెం బరువైన రకం నత్రజనితో చేసిన నైట్రేట్‌ని నీళ్ళలో కలిపింది. బరువు తేడా ఉంటుంది కనుక, అది చివరికి వాయువుగా బయటికి పోయిందా, అమోనియాగా మట్టిలోనే ఉండిపోయిందా అన్నది తర్వాత మెషీన్ పట్టేస్తుందట. కొంతసేపటికొక గొట్టం చొప్పున తీసి, బాక్టీరియా అక్కడితో ఆగిపోయేలా మందు కలిపి, ఆ నీళ్ళని చిన్న గాజు సీసాల్లో నింపాలి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు.

“బుడగ ఉంటే బయటి నత్రజని కలిసిపోద్ది. మనం పడ్డ పాటంతా బూడిదే,” అంది.

మొదట్లో నేను నింపిన సీసాలు చాలావరకు పారబోయించింది. నాకు కొంచెం చిన్నతనమనిపించినా నేర్చుకున్నాను. చివరి రోజు నేను నింపిన సీసాని వెలుతురుకి ఎత్తి తిప్పి చూసి, “ఇది బాగుంది,” అని పెట్టెలో పెట్టింది. మా ఫోర్‌మన్ ఎన్నోసార్లు మెచ్చుకున్నాడు గానీ, ఆ మెప్పు ఇచ్చిన తృప్తి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఫలితం రావడానికి నెలలు పట్టింది. మెషీన్ ఇంకో ఊళ్ళో ఉంది, వంతు రావాలి. చివరికి వచ్చిన రోజున మేడమ్ నుంచి ఫోన్. మా ఆవిడ “ఆచ్ఛా, ఆచ్ఛా” అంటూ విన్నది. ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద పప్పు కలిపి, అప్పుడు మా వైపు తిరిగింది.

“మొదట వచ్చిందే మళ్ళీ వచ్చినాది. మేడమ్ తప్పు తనదే అన్నారు.”

కారణం ఆ కంపులోనే ఉంది. చెరువుల నుంచి వచ్చే మేత, మలం పేరుకుని అక్కడి మట్టి నల్లబడిపోయింది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు పైదాకా వచ్చేసింది. అలాంటి మట్టిలో నత్రజనిని గాలిలోకి వదిలే బాక్టీరియా వెనకబడతాయి. నైట్రేట్‌ని తిరిగి అమోనియాగా మార్చేవి ముందుకొస్తాయి. పురుగులు, పీతలు చేసే బొరియల వల్ల మామూలుగా లోపలికి ఆక్సిజన్ దిగుతుంది. అక్కడ ఆ బొరియలు కూడా లేవు. అంటే, సముద్రం తనని తాను శుభ్రం చేసుకునే శక్తి ఏ చోట ఎక్కువ కావాలో అక్కడే తగ్గిపోతోంది.

డాక్టరేట్ ఇచ్చే ముందు అందరి ఎదుటా ప్రశ్నలు వేసే ఆఖరి పరీక్షకి అమ్మ కూడా వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని మొదటి వరసలోనే కూర్చుంది. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఇంగ్లీషులో ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. కొన్ని నాకు అందలేదు. మట్టి పాడై ఉండవచ్చు కదా అన్న ప్రశ్న మాత్రం అర్థమైంది. మా ఆవిడ నీళ్ళు తాగి, నల్లగుడ్డ కట్టిన ఆ గది ఫోటో తెర మీద చూపించి, నిదానంగా జవాబు చెప్పింది. ఆయన తల ఊపి కూర్చున్నాడు.

“ఏటన్నాడురా?” అని అమ్మ నా మోచెయ్యి లాగింది.

“ఒప్పుకున్నాడే.”

“ఒప్పుకోక ఏటి సేస్తాడు. అది సెప్పిన తీరు సూసినావా?” అంది అమ్మ, ఇంగ్లీషులో చెప్పిందంతా తనకి అర్థమైనట్టే.

డాక్టరేట్ వచ్చాక మా ఆవిడ మళ్ళీ ఆ పాయ ఒడ్డు ఊరికి వెళ్ళింది. అక్కడివాళ్ళని కూర్చోబెట్టి, తను కనుక్కున్నది బెంగాలీలో చెప్పింది. చెరువు నీళ్ళని నేరుగా వదలకుండా కొన్నాళ్ళు ఒక గుంటలో నిలబెట్టి, మడ్డి తీసేసి వదలమంది. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఇద్దరు ముగ్గురు రొయ్యల రైతులు గుంటలు తవ్వారు. ఇప్పుడావిడ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఏటా విద్యార్థుల్ని వెంటబెట్టుకుని అక్కడ మట్టి తీయిస్తోంది. మొన్న తీసిన గొట్టంలో కూడా నలుపు పైదాకానే ఉంది. నేను కొంచెం నిరాశగా చూస్తుంటే, ఆవిడ గొట్టం మీద తేదీ రాస్తూ, “ఇన్నేళ్ళు పేరుకున్నది బేగి పోద్దేటండీ? వచ్చే ఏడాది సూద్దాం,” అని, పక్కనున్న అమ్మాయికి బిరడా ఎలా బిగించాలో చూపించసాగింది.