లప్పం పెట్టిన బోటు

తెల్లవారి నాలుగున్నరకి కొళాయి వచ్చేది. శేషారత్నం ముందుగా నింపేది తాగే బిందె కాదు, బోటు ఇంజను కోసం పెరట్లో పెట్టిన ఇనుప డ్రమ్ము. ఇరవై రెండు బిందెలు పట్టేది దానికి. ఫిల్మ్‌నగర్‌లో నీళ్ళు ముప్పావుగంట వస్తే గొప్ప. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, "మనుషులకే దిక్కులేదు, మీ ఇంజనుకి తలంటా?" అని దెప్పేవాళ్ళు. ఆమె బిందె మీద బిందె మోసుకుపోయేది. ఆరింటికి ఆమె భర్త సుబ్బరామయ్య ఇంజనును డ్రమ్ము అంచుకి బిగించి, పంకా ఉండే దాని కాలు నీళ్ళలో ముంచి, స్టార్టు తాడు గుంజేవాడు. గోడలు అదిరేవి. లోపల ఇంజనుని చల్లబరిచిన నీళ్ళు పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటికి చిమ్మితే అతని మొహం విప్పారేది. "పిల్ల బానే ఉంది, కాఫీ తే" అనేవాడు.

పోయిన కార్తీకం నుంచి ఆ డ్రమ్ము బోర్లించి ఉంది. నాలుగున్నరకి మెలకువ మాత్రం వస్తూనే ఉంది. రెండు బిందెలతో ఆమె పని అయిపోతుంది. మిగిలిన నీళ్ళు వెనకవాళ్ళకి వదిలేసి వస్తుంది. ఇప్పుడెవరూ దెప్పరు. జాలిగా పక్కకి తప్పుకుంటారు. అది చూస్తే ఆమెకి ఇంకా మండుతుంది.

సుబ్బరామయ్యది కోనసీమ. పదమూడో ఏట గోదావరి లాంచీల మీద పనికి చేరాడు. ఎనభై ఆరులో ఏరు మీద షూటింగుకి వచ్చిన ఒక సినిమా కంపెనీ వాళ్ళు అతని పనితనం చూసి, హైదరాబాదు రమ్మన్నారు. జూబ్లీహిల్స్ బండరాళ్ళు చూసి శేషారత్నం, "ఈ రాళ్ళలో పడవ మనిషికి పనేంటండీ?" అంది. "సినిమావాళ్ళు నీళ్ళెక్కడ కావాలంటే అక్కడ పుట్టిస్తారంట" అని నవ్వాడు. కంపెనీ బోటును పెట్టే షెడ్డు, దాని గోడకి ఆనుకుని ఒక గది. ఏడేళ్ళు అదే వాళ్ళ ఇల్లు.

బోటు ఒక్కటే, ప్రతి పిక్చరుకీ దానికో కొత్త రంగు. ఒకదాంట్లో పోలీసు బోటు, ఇంకోదాంట్లో జమీందారు బోటు. ఎర్రది పచ్చనయ్యేది, పచ్చది తెల్లనయ్యేది. పైన ఎన్ని రంగులు మారినా, అడుగున చెక్కల సంగతి సుబ్బరామయ్య ఒక్కడికే తెలుసు.

తొంభైమూడులో ఒక పిక్చరుకి విలన్ బోటు మునిగిపోయే సీను రాశారు. సెట్టింగువాళ్ళు బోటు అడుగున మూరెడు చెక్క కోసేసి, నిజంగానే ముంచి తీసుకున్నారు. పని అయ్యాక పలుచని ప్లైవుడ్ ముక్క కొట్టి, పెయింటర్లు గోడల గుంతలు పూడ్చే లప్పం రాసి, నున్నగా రుద్ది, రంగు వేసేశారు. సెట్టుకి అది చాలు. కెమెరాకి కనపడనిదంతా సరిగ్గా ఉన్నట్టే వాళ్ళ లెక్క. సుబ్బరామయ్య మాత్రం, "చెక్కలు మార్చేదాకా ఇది నీళ్ళలో దిగదు" అన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణమూర్తి భుజం మీద చెయ్యేశాడు. "ఒడ్డు పక్కనే రామయ్యా. నడుంలోతు నీళ్ళు. ఒక్క షాటు."

ఆ ఒక్క షాటుకి ఒడ్డు కనపడకూడదని ఊరి బయటి చెరువు నడిమధ్యకి పొమ్మన్నారు. బోటులో ఉన్నది ముగ్గురు, సుబ్బరామయ్య, ఇద్దరు డూపులు. నీళ్ళలో తేల్చే గాలి బెల్టులు రెండే ఇచ్చారు. ప్లైవుడ్ ఊడి నీళ్ళు ఎగదన్నేసరికి రెండూ డూపులకి తొడిగి బయటికి తోసేశాడు. లంగరు తాడు కాలికి మెలేసుకుంది. గోదావరిని అడ్డంగా ఈదిన మనిషి చెరువులో పోయాడు.

కంపెనీ గుండె ఆగిందని చెప్పింది. మూర్తి పూలదండ తెచ్చాడు. పదోరోజున డూపుల్లో ఒకతను వచ్చి, అరుగు మీద కూలబడి ఏడ్చి చెప్పబట్టి ఆమెకి అసలు సంగతి తెలిసింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఆమె చదువు మూడో తరగతి. గది ఖాళీ చెయ్యమనకుండా, షెడ్డు తాళాలు చూసుకోమని మూర్తి పెద్దమనసు చూపించాడు. నీళ్ళలోంచి లాగిన ఆ బోటు గోడవతల ఉంటే, గోడివతల ఆమె పడుకుంది. వేసవిలో సెట్టింగువాళ్ళు వచ్చి మళ్ళీ ప్లైవుడ్, మళ్ళీ లప్పం, ఈసారి నీలిరంగు మీద పసుపు చార. తాళం తీసి ఇచ్చింది ఆమే. ఆ రోజు నోరు పెగల్లేదు. ఆ కోపం తన మీద తనకే మిగిలిపోయింది.

ఒక బుధవారం మూర్తి గుమ్మంలోకి వచ్చాడు.

"రేపు పదింటికి పార్టీ వస్తోంది శేషారత్నమ్మా. షేక్‌పేట మనిషి, పాలవ్యాపారం. చెరువులో పిల్లల్ని షికారు తిప్పుతాడట. మొదటిసారి కొంటున్నాడు, బోటంటే ఓనమాలు రావు. అదే మనకి మంచిది."

"నన్నేం చెయ్యమంటారు?"

"ఒక్క మాట. ఇది మా ఆయన చేతి మీద పెరిగిన బోటు అని వాళ్ళతో చెప్పు. రామయ్య పేరంటే ఈ లైన్లో నమ్మనివాడు లేడు. ఆ మాట అనేసి లోపలికి వెళ్ళిపో. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మాత్రం ఎదురుగా ఉండకు. ఏమీ అనుకోకు, వాళ్ళు శకునాలు చూసే మనుషులు."

"అనుకోను" అంది. రాత్రి అన్నం వండుకోలేదు.

మర్నాడు జంగయ్య, అతని భార్య రాజమ్మ స్కూటరు మీద వచ్చారు. జంగయ్య బోటు చుట్టూ తిరిగాడు. దిమ్మెల మీద ఎత్తి పెట్టిన బోటు ట్యూబులైట్ల కింద మెరిసిపోతోంది.

"అబ్బ! పెండ్లిపిల్ల లెక్క ఉందే."

"మెరుస్తే ఏంది, మునగదు గదా?" అంది రాజమ్మ. "నీకైతే ఈత రాదు."

"ఈత వస్తే బోటెందుకే?"

మూర్తి పెద్దగా నవ్వాడు. "మునగడమేంటమ్మా, ఇది స్టార్ బోటు. నాలుగు పిక్చర్లు చేసింది. ఇంజను చూడండి." మూర్తి కారు డ్రైవరు ఇంజను తాడు గుంజాడు. ఒక్క గుంజుకే లేచింది. షెడ్డంతా పొగ. జంగయ్య కళ్ళు పెద్దవి చేశాడు. నీళ్ళు లేకుండా తిప్పుతున్నారు. గుమ్మం పక్కన నిలబడ్డ శేషారత్నానికి పళ్ళు జివ్వుమన్నాయి. లోపల మాడిపోతుందని సుబ్బరామయ్య ఒక్క క్షణం కూడా అలా తిప్పనిచ్చేవాడు కాదు.

"పదీ ఇరవైకి వర్జ్యం వచ్చేస్తుంది, కాయ కొట్టేద్దాం" అన్నాడు మూర్తి. సినిమావాళ్ళకి కాయ కొట్టారంటే పని మొదలైనట్టే. ఆ తర్వాత వెనక్కి పోవడం మహా అపచారం. ఆ అలవాటుతోనే బోటూ అమ్ముతున్నాడు. కాయ, దాన్ని కొట్టే కత్తి పళ్ళెంలో పెట్టి, ఆమె వైపు సైగ చేశాడు. "అమ్మా, నీ మాట చెప్పి వెళ్ళు."

ఆమె నడుచుకుంటూ వెళ్ళి సరిగ్గా బోటు ముక్కు ముందు, కాయ కొట్టే చోట నిలబడింది.

"చెప్తాను. ఇది మా ఆయన చేతి మీద పెరిగిన బోటు. మా ఆయన్ని చంపిన బోటూ ఇదే."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. మూర్తి మొహం నల్లబడింది. "దుఃఖంలో ఏదో అంటోంది, పట్టించుకోకండి. లోపలికి పదమ్మా!"

"పోను. ఎనిమిది నెలలు లోపలే ఉన్నాను." ఆమె జంగయ్య వైపు తిరిగింది. "ఒక్క గుంజుకి లేచిందని మురిసిపోతున్నావు. పొద్దున్న ఎనిమిదింటికే మూడుసార్లు తిప్పి వేడెక్కించారు, గోడవతల నుంచి విన్నాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి తమ్ముడూ. నువ్వు వెళ్ళేసరికే వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నారన్నమాట."

ఆమె పళ్ళెంలోంచి కత్తి తీసింది. మూర్తి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీకు కాదులెండి, భయపడకండి" అని, బోటు కిందికి వంగి కూర్చుంది. కత్తి వెనక్కి తిప్పి అడుగు చెక్క మీద కొట్టింది. టంగుమంది. జానెడు అవతల కొట్టింది. టంగుమంది. పసుపు చార కింద కొట్టింది. తడిసిన గోనెసంచీ మీద కొట్టినట్టు దబ్బుమంది. "విన్నారా?" కత్తి మొన పెట్టి నొక్కింది. రంగు పగిలింది. లప్పం తెల్లగా, పెళ్ళలు పెళ్ళలుగా గచ్చు మీద రాలింది. ఇంకో పోటు పొడిచింది. కుళ్ళిన ప్లైవుడ్ ఊడి వచ్చింది. మూరెడు చిల్లు.

రాజమ్మ వంగి, ఆ చిల్లులో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పోయింది. చెయ్యి బయటికి తీసి మూర్తిని చూసింది.

"ఏందయ్యో పెద్దమనిషీ! గీ బోటుల ఊరి పిల్లగాండ్లను ఎక్కియ్యమంటవా? ముందుగాల నీ పిల్లల్ని ఎక్కియ్యి, మేం గట్టున నిలబడి చూస్తం."

"చిన్న రిపేరమ్మా, అది సాయంత్రానికల్లా..."

"సాయంత్రానికల్లా ఇట్లనే పూస్తరు. సున్నమేసినట్టు!"

జంగయ్య గచ్చు మీద చతికిలబడ్డాడు. "అక్కా, బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్త, పొదుగు చూస్త, రెండు పూటలు నేనే పిండుకుంట. దీన్ల ఏం చూడాల్నో నాకెవరు చెప్తరు?"

"నీకు తెలిసిన పద్ధతే. దీన్నీ పిండుకోవాలి" అంది శేషారత్నం. "కొత్త రంగు చూస్తే భయపడు. రంగు వెలిసిన బోటే నిజం చెప్తుంది. ముందు అడుగు చూడు, పైభాగం తర్వాత. వెనక ఇంజను బిగించే పలకని రెండు చేతులా పట్టుకుని ఊపు. కదిలిందా, ఇంక ఆ బోటు వంక చూడకు. ఇంజను కాలి దగ్గర ఒక మర ఉంటుంది, విప్పితే నూనె చుక్క పడుతుంది. మజ్జిగలా తెల్లగా పడితే లోపలికి నీళ్ళు పోయినట్టే. డ్రమ్ములో తిప్పించు. పక్క నుంచి సన్నగా ధార రావాలి. రాకపోతే, వస్తుందిలే అన్నవాడి మాట వినకు."

"మరి రాతకోతలు?" అన్నాడు జంగయ్య.

"అవీ చూడు. కానీ నిన్ను మోసేది కాగితం కాదు. నీళ్ళలో దించమను. గట్టుకి కట్టేసి, నలుగురు బరువైన వాళ్ళని ఎక్కించి గంట కూర్చోబెట్టు. అడుగు పలకలు ఎత్తి చూడు, తడి ఎక్కడి నుంచి వస్తోందో. వెంట స్నేహితుణ్ణి తీసుకెళ్ళకు, పడవ నడిపిన ముసలాణ్ణి తీసుకెళ్ళు. ఎక్కే ప్రతి మనిషికీ ఒక గాలి బెల్టు. నడిపేవాడికీ. వాడికి అక్కర్లేదు, వాడికి ఈత వచ్చు అని ఎవరన్నా అంటే..." కొంగుతో మొహం తుడుచుకుని, "బోటు నీళ్ళలో తేలి గట్టుకొచ్చాకే కాయ కొట్టు, ముందు కాదు" అంది.

రాజమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కత్తి ఇంకా ఆ చేతిలోనే ఉంది. "మా ఇంటికి రా అక్కా. ఇంకో బోటు చూడబోతే నువ్వే రావాలె. పడవ నడిపిన ముసలాడు మాకెక్కడ దొరుకుతడు?"

స్కూటరు దిగువకి పోగానే మూర్తి ఆమె వైపు తిరిగాడు.

"అన్నం పెట్టిన చేతినే కరిచావు కదమ్మా! నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

"చేస్తాను."

"ఎక్కడికి పోతావో చూస్తాను. పెయింటరు రేపటిదాకా దొరకడు. ఈలోగా ఈ చెత్తంతా ఊడ్చి, చిల్లు కనపడకుండా టార్పాలిన్ పట్టా కప్పు. నాలుగింటికి మధురానగర్ నుంచి ఇంకో పార్టీ వస్తోంది. వాళ్ళ ముందు నోరెత్తావంటే బాగుండదు."

డ్రైవరు చీపురు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కారు వెళ్ళిపోయింది.

నోరెత్తాల్సిన పని లేదనుకుంది శేషారత్నం. మడతపెట్టిన పట్టాని కాలితో పక్కకి నెట్టింది. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి, ఎండ లోపలికి పడేలా రాళ్ళు అడ్డం పెట్టింది. నీలి బోటు అడుగున మూరెడు చిల్లు కనిపిస్తోంది, దాని కింద లప్పం పెళ్ళలు తెల్లగా పడి ఉన్నాయి. చీపురు పెట్టినచోటే ఉంది. ఆమె దాన్ని దాటుకుని వెళ్ళి, నాలుగయ్యేదాకా గుమ్మంలో కూర్చుంది.