పాలకు దిష్టి

పోయినేడు వేసవిలో, జగ్గయ్యపేట నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. చిల్లకల్లు దాటీదాటకముందే ఒళ్లో పసివాడు ఏడుపు మొదలెట్టాడు. ఆ అమ్మాయి పైట సర్దుకుని జాకెట్టు హుక్కు మీద చెయ్యి వేసింది. అవతలి సీట్లో మగవాళ్లు తల తిప్పి చూశారు. ఇద్దరికి పాలిచ్చి పెంచినదాన్ని, అయినా సిగ్గు నాకేసింది.

"ఇంతమందిలో ఇస్తే పాలకు దిష్టి తగులుద్దమ్మా. నందిగామలో దిగాక ఇద్దువుగాని," అన్నా.

దిష్టి మీద నాకు నమ్మకం లేదు. ఆ మాటంటే వింటుందని తెలుసు, అంతే.

"సరేనండి," అని చెయ్యి తీసేసింది.

పిల్లాడు ఏడ్చి ఏడ్చి, గొంతు బొంగురుపోయి, నందిగామ వస్తుండగా నిద్రపోయాడు. కండక్టరు కేకేశాక ఆ అమ్మాయి లేచి నా వైపు తిరిగింది. పాలు చేపుకొచ్చి జాకెట్టూ పైటా తడిసిపోయున్నాయి.

"కనపడతందాండి?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా," అన్నా.

నా మొహం చూస్తే తెలిసిపోయినట్టుంది. ఆకలితో నిద్రపోయిన బిడ్డని ఆ తడికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది.