తుడవకు!

హోరేస్ థ్రోస్‌బీకి తుడవడమంటే గిట్టదు. నాణెం సంగతి సరే, ఎదురింటి కిటికీ అద్దం తుడిచినా ఆయన ప్రాణం విలవిల్లాడేది. వేక్‌ఫీల్డ్ నాణేల సంఘం కార్యదర్శి మోరీన్ ఆయన్ని ఏళ్ల తరబడి భరిస్తోంది. ఆయన కారుది ఏ రంగో కొన్ననాడు చూసినవాళ్లే చెప్పాలి. ఆయన కప్పులో వట్టి వేణ్ణీళ్లు పోసినా టీ అయిపోతుంది.

"కాస్త కడుక్కోరాదూ, హోరేస్?"

"అది మురికి కాదు, మోరీన్. వయసు!"

వెండి మీద కాలం పట్టించిన నలుపే పాత నాణేనికి పరువు. పాలిష్ పెట్టి రుద్దారా, సేకరించేవాళ్ల లెక్కలో అది చచ్చినట్టే. అందుకే సంఘంలో ఎవరైనా జేబురుమాలు తీస్తే చాలు, గది అవతలి నుంచి "తుడవకు!" అని కేక పడేది. పాపం, జలుబు చేసినవాళ్లు మెట్ల మీదికి వెళ్లి ముక్కు చీదుకునేవారు.

ఆయన ప్రాణమంతా మూడో జార్జి రాజు ముఖమున్న, ఆ కాలపు క్రౌన్ అనే వెండి నాణెం ఒకటి. నేరేడుపండు రంగుకు తిరిగింది. చూడవచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టాలి. ఆవిరి తగులుతుందట.

ఆ ఏడాది ప్రదర్శన ఎప్పటిలాగే పబ్బు మేడమీద పెట్టారు. ఆ వేసవిలోనే పోయిన సంఘ సభ్యుడు స్టాన్లీ భార్య విన్నీ, మొగుడి నాణేల పళ్లెం పట్టుకుని వచ్చింది. మూత తీసింది. గది ధగధగలాడింది.

"స్టాన్లీకి ఎప్పుడూ తీరిక చిక్కలేదు, పాపం" అంది విన్నీ. "నేనే కూర్చుని ఒక్కోటీ తోమాను. ఇన్నాళ్లకి ఆయన పని ఒకటి నా చేతనైంది."

సంఘంవాళ్లలో క్లిఫర్డ్ ఒక్కడు నోరు తెరిచాడు. "అయ్యో విన్నీ, నువ్వు వీటిని..."

హోరేస్ అతని కాలు కసుక్కున తొక్కాడు.

మోరీన్ కళ్లు మూసుకుంది. ఇప్పుడా కేక పడిందంటే, మొగుడి జన్మంతటి కష్టాన్ని తన చేత్తోనే చంపుకున్నానన్న సంగతి మోసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాలి.

కేక పడలేదు. హోరేస్ భూతద్దం పెట్టుకుని, ఒక నాణేన్ని అంచులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాణిగారి ముఖం ఇంత తేటగా నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆ తోమిన గుడ్డ మీ దగ్గరుందా?"

విన్నీ సంచిలోంచి గులాబీరంగు గుడ్డ తీసిచ్చింది. హోరేస్ తన క్రౌన్ బయటికి తీశాడు.

"హోరేస్!" ఈసారి అరిచింది మోరీన్. "తుడవకు!"

"నువ్వూరుకో. వాటి పక్కన నాది మసిబొగ్గులా ఉంది. నా పరువేం కాను?"

అని రుద్దడం మొదలుపెట్టాడు. రెండు శతాబ్దాలు గుడ్డకు అంటుకున్నాయి. విన్నీ నవ్వాపుకోలేకపోయింది.

"అలాగేనా తోమేది! మగాళ్లకి ఒక్క పనీ రాదు. ఇటివ్వండి."

ఆయన ఇచ్చేశాడు. ఆవిడ కసిదీరా తోమి, తళతళలాడే జార్జిని స్టాన్లీ నాణేల పక్కనే పెట్టి, సంతోషంగా ఇంటికి వెళ్లింది.

క్లిఫర్డ్ కాలు పట్టుకుని కుంటుతూ వచ్చాడు. "నీకేమైనా మతిపోయిందా?"

"బాగానే ఉందిగా. రాజుగారు ఇన్నాళ్లకి స్నానం చేశారు" అన్నాడు హోరేస్.

ఆయన వేళ్లకి నల్లగా మసి అంటింది. మోరీన్ తడిగుడ్డ తెచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆయన చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"తుడవకు!"