పెద్దావిడకీ వినపడిన గొంతు

ఒట్టేసి చెబుతున్నాను, ఇది జరిగింది. స్కిజోఫ్రేనియాకి మందులు వాడే మనిషి వేసే ఒట్టుకి విలువెంతో నాకు తెలుసు. అయినా వినండి.

నాది రేపల్లె. బ్లౌజులు కుడతాను. ఆరేళ్ళ క్రితం దాకా నా చెవిలో ఒక మగ గొంతు ఉండేది. "పద్మా... దిగు." బస్సులో ఉన్నా, మేడ మీద ఉన్నా అదే మాట. ఒకసారి ఆ మాట విని నడుస్తున్న ఆటోలోంచి దిగి కాలు విరగ్గొట్టుకున్నాను. తెనాలి డాక్టరుగారు మందు మొదలుపెట్టాక మెల్లమెల్లగా ఆ గొంతు పోయింది.

ఆయన విడమరిచి చెప్పారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం జోరెక్కువైతే, అక్కర్లేని చప్పుడుకి కూడా ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుందట. మన లోపలి మాటనే మెదడు పరాయివాళ్ళ మాటగా పొరబడుతుందట. మాత్ర ఆ జోరుకి అడ్డుకట్ట వేస్తుంది. దానివల్ల ఒళ్ళొచ్చింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు వేళ్ళు వణుకుతాయి. అయినా మానలేదు... ఒక్క పూట కూడా.

మొన్న వానాకాలం. తెనాలిలో చూపించుకుని, చీకటి పడ్డాక రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. బోగీలో నా ఎదురుగా ఒక పెద్దావిడ, ఆవిడ కాళ్ళ దగ్గర ఖాళీ చేపల గంప. ఇంకెవరూ లేరు. వేమూరు దాటాక రైలు ఆగిపోయింది. స్టేషన్ కాదు. రెండు పక్కలా నీళ్ళు నిండిన వరిచేలు. కప్పలు అరుస్తున్నాయి... ఉన్నట్టుండి అవీ ఆగిపోయాయి.

అప్పుడు... కిటికీ బయటినుంచి...

"పద్మా... దిగు."

అదే గొంతు. ఆరేళ్ళ తర్వాత. అదే సాగతీత.

డాక్టరుగారు నేర్పింది గుర్తు తెచ్చుకున్నాను. ఇది నా మెదడు చేసే చప్పుడు... పలకకూడదు... కళ్ళెదుట ఉన్నదాన్నే చూడాలి. పెద్దావిడ ముఖం చూస్తూ బిగుసుకుపోయి కూర్చున్నాను.

ఆ గొంతు మళ్ళీ పిలిచింది. ఇంకా దగ్గరగా.

పెద్దావిడ కిటికీ వైపు తల తిప్పింది.

"నిన్నేనా అమ్మాయ్, దిగమంటున్నాడు? పలకవేంటి?"

ఆవిడ వైపు వంగి అడిగాను.

"మీకూ... వినపడిందా అండి?"

"వినపడకేంటమ్మా. పద్మా అంటున్నాడుగా."

నా పేరు ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ బయటికి తొంగి చూసి, ఎవరూ లేరే అని గొణిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రైలు కదిలేదాకా వదల్లేదు. భట్టిప్రోలులో ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

ఇంటికెళ్ళి వదినకి చెప్పి ఏడ్చాను. జబ్బు తిరగబెట్టిందేమో, ఆ పెద్దావిడ కూడా భ్రమేనేమో అంటూ నన్ను దగ్గరికి తీసుకుంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నీ చేతికి ఈ చేపల వాసనేంటి, పద్మా?"

ఆ రోజు నేను చేపల జోలికే పోలేదు.

మర్నాడు డాక్టరుగారికి ఫోన్ చేశాను. చేలో ఎవరో ఇంకో పద్మని పిలిచి ఉంటారన్నారు. మామూలు గొంతునే నా మెదడు పాత గొంతుగా పోల్చుకుని ఉండొచ్చన్నారు. మోతాదు కొంచెం పెంచారు. మాత్ర మానొద్దని రెండుసార్లు చెప్పారు. మానను. ఆయన చెప్పిందే నిజం కావాలని నాకూ ఉంది.

కానీ ఆ చీకట్లో, ఆ నీళ్ళలో నిలబడి, రైలు దిగమని ఎవరు ఎవర్ని పిలుస్తారు? బోగీలో ఉన్నది మేమిద్దరమే... పద్మని నేనొక్కదాన్నే.